దిక్కులు చూడటం వెనక ఏముంది: పిల్లల చూపు, దాన్ని నడిపే మెదడు

అందరికీ నమస్కారం. తల్లిదండ్రులు, టీచర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, థెరపిస్టులు కలిసి కూర్చున్నారు కాబట్టి అందరికీ తెలిసిన మాటతోనే మొదలుపెడతాను. "దిక్కులు చూడకు." బడిలో ఈ మాట పడని పిల్లాడు ఉండడు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, దుడుకుగా ఉండే పరిస్థితి) ఉన్న పిల్లలకైతే ఇది రోజూ పడే అక్షింతలు. ఆ మాట వెనక మనకో నమ్మకం ఉంది. చూపు ఎటు తిప్పాలన్నది వాడి చేతిలో పని, కావాలనే అటు చూస్తున్నాడు అని. ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో ఇవాళ చూద్దాం.

ముందు ఒక చిన్న పని చేద్దాం. పక్కవాళ్ల వైపు తిరగండి. ఇద్దరిలో ఒకరు తల కదపకుండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూపును వీలైనంత నెమ్మదిగా, ఎక్కడా ఆపకుండా జరపండి. రెండోవాళ్లు వాళ్ల కళ్లనే గమనించండి. చూశారా? జరుపుతున్నవాళ్లకు చూపు నున్నగా జారినట్టే ఉంది. ఎదుటివాళ్లకు మాత్రం అది గెంతి ఆగుతూ, మళ్లీ గెంతి ఆగుతూ పోయింది. ఇప్పుడు రెండోవాళ్లు పెన్ను పట్టుకుని అదే దారిలో మెల్లగా కదపండి, మొదటివాళ్లు పెన్ను కొసను చూడండి. ఈసారి కళ్లు నిజంగానే జారతాయి. వెంబడించడానికి కదిలే వస్తువు ఉంటే కన్ను జారుతుంది. లేకపోతే గెంతడమే.

ఆ గెంతు పేరు శాకేడ్. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే పారిస్‌లో కంటి వైద్యుడు ఎమిల్ జవాల్ ప్రయోగశాలలో, చదివేటప్పుడు కళ్లు ఇలా గెంతుతాయని గమనించారు. మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు సుమారు మూడు గెంతులు గెంతుతాం. 20 డిగ్రీల గెంతు 60, 70 మిల్లీసెకన్లలో అయిపోతుంది. గెంతడానికి ముందు పట్టే సమయం మాత్రం అంతకన్నా ఎక్కువ. పక్కన చుక్క వెలిగాక కన్ను బయల్దేరడానికి పెద్దవాళ్లకు సుమారు 200 మిల్లీసెకన్లు, చిన్నపిల్లలకు ఇంకా ఎక్కువ పడుతుంది. కంటి కండరాలకు అంత సమయం అక్కర్లేదు. చూడాలా వద్దా, ఎటు చూడాలి అని మెదడు తేల్చుకోవడానికే అందులో ఎక్కువ భాగం పోతుంది.

మెదడు కాండం పైభాగంలో సుపీరియర్ కాలిక్యులస్ అనే చిన్న భాగం ఉంది. ఏది మెరిసినా, ఏది కదిలినా చూపును టక్కున అటు తిప్పమని ఉరకలేస్తుంది. గడ్డిలో పాము కదిలితే మనల్ని కాపాడేది ఇదే, కాబట్టి దాని ఉరుకును తప్పు పట్టలేం. దాని మీద ఒక బ్రేకు ఉంది. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపుల్లోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగం ఆ బ్రేకును ఎప్పుడూ తొక్కిపట్టి ఉంచుతుంది, చూపు తిరగాల్సిన క్షణంలో మాత్రం వదులుతుంది. కోతుల మెదళ్లలో ఒక్కొక్క కణాన్ని వింటూ హికోసాకా, వర్ట్జ్ అనే పరిశోధకులు 1983లో దీన్ని చూపించారు. బ్రేకు ఎప్పుడు వదలాలో చెప్పేది నుదుటి వెనకున్న ముందరి మెదడు. మెదడు మొత్తంలో ఎదగడానికి అన్నిటికన్నా ఎక్కువ ఏళ్లు తీసుకునే భాగాల్లో అదొకటి. చూపు నిలపడం బలం పెట్టి కళ్లను బిగించే పని కాదండీ, బ్రేకు మీద కాలు తీయకుండా ఉండే పని.

ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అనే మాట మీరు రిపోర్టుల్లో చూసే ఉంటారు. అర్థం చెప్పమంటే చాలామంది తడబడతారు. మనల్ని మనమే అదుపులో పెట్టుకుని పని నడిపించుకునే శక్తి అది. 2000 సంవత్సరంలో మియాకే బృందం పెద్దవాళ్ల మీద చేసిన విశ్లేషణలో అది మూడు పాయలుగా విడివడింది. చేతికొచ్చిన పనిని ఆపుకోవడం ఒకటి, కావాల్సిన సంగతిని మనసులో పట్టి ఉంచుకుని మార్చుకుంటూ పోవడం రెండు, ఒక నియమం నుంచి ఇంకో నియమానికి మారడం మూడు. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే, అయినా ఒకటి కాదు. ఏ పిల్లాడికి ఏ పాయ బలహీనమో తెలిస్తే సాయం ఎక్కడ చేయాలో తెలుస్తుంది. తెలుసుకోవడానికి కళ్లు మంచి దారి. కంటికి కండరాలు తక్కువ, కదలిక కచ్చితంగా కొలవగలం, పిల్లాడు మాట్లాడక్కర్లేదు, పెన్సిల్ పట్టక్కర్లేదు.

ఇందులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పరీక్ష యాంటీశాకేడ్. 1978లో టొరొంటోలో పీటర్ హాలెట్ దీన్ని ప్రవేశపెట్టాడు. తెర మధ్యలో ఒక చుక్క, పిల్లాడు దాన్ని చూస్తూ ఉంటాడు. ఒకటి, ఒకటిన్నర సెకన్ల తర్వాత కుడికో ఎడమకో 8, 10 డిగ్రీల దూరంలో ఇంకో చుక్క వెలుగుతుంది. చుక్క వచ్చిన వైపు చూడకూడదు. అవతలి వైపు అంతే దూరంలో, ఏమీ లేని చోట చూడాలి. నియమం అంతే. చెబితే ఐదేళ్లవాడికీ అర్థమవుతుంది. చేయడంలో ఉంది కష్టమంతా. చుక్క వైపు లేచే గెంతును ఆపాలి, నియమాన్ని మరిచిపోకూడదు, అవతల ఖాళీ చోటును మనసులో లెక్కగట్టి అక్కడికి కన్ను వేయాలి. ఇవన్నీ అర సెకనులో జరగాలి. 1985లో మాంట్రియల్‌లో గిటన్ బృందం, ముందరి మెదడులో కొంత భాగం శస్త్రచికిత్సలో తీసేసినవాళ్ల మీద ఈ పరీక్ష చేసింది. మామూలుగా చుక్క వైపు చూడమంటే చూశారు. అవతలికి చూడమంటే మాత్రం కళ్లు చుక్క వైపే పోయాయి.

ఇక్కడ కాస్త ఆగి ఒకే ఒక్క ప్రయత్నాన్ని దగ్గరగా చూద్దాం. ఎనిమిదేళ్ల పాప తెర ముందు కూర్చుంది అనుకోండి. కుడివైపు చుక్క వెలిగింది. ఆమె చూపు రేఖను గ్రాఫులో గీస్తే, 250 మిల్లీసెకన్ల దగ్గర అది కుడికి లేచింది. తప్పు. చుక్క దగ్గర ఇంకో 150 మిల్లీసెకన్లు ఆగింది. అక్కడి నుంచి ఒక్క గెంతులో ఎడమకు వెళ్లి, ఉండాల్సిన చోట నిలిచింది. స్కోరు షీటులో దీనికి "తప్పు" అనే పడుతుంది. కానీ ఆ రెండో గెంతు చూడండి. ఎవరూ చెప్పలేదు, గంట కొట్టలేదు, తనంతట తానే వెనక్కి వచ్చింది. నియమం ఆమె దగ్గర ఉంది, బ్రేకు మాత్రం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఇంకో పిల్లాడు చుక్క వైపు చూసి అక్కడే ఉండిపోయాడు అనుకోండి, అదీ తప్పే. వాడి దగ్గర మాత్రం నియమమే జారిపోయింది, లేదా మొదటి నుంచీ అందలేదు. షీటులో రెండూ ఒకే గడిలో పడతాయి. బడిలోనూ ఇద్దరికీ ఒకే తిట్టు పడుతుంది. కానీ మొదటి పిల్లకు కావాల్సింది ఆలోచించుకునే వ్యవధి, రెండోవాడికి కావాల్సింది కళ్లెదుట రాసిపెట్టిన నియమం. రిపోర్టు చేతికొస్తే మొత్తం తప్పులెన్ని అని మాత్రమే అడగకండి. వాటిలో తనే దిద్దుకున్నవి ఎన్ని అని అడగండి.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనం పిల్లల్ని తొందరపడి తప్పుపడతాం. ఏ సమస్యా లేని ఆరేడేళ్ల పిల్లలు కూడా ఈ పరీక్షలో సగం సార్లో అంతకన్నా ఎక్కువో తప్పు వైపు చూస్తారు. పిట్స్‌బర్గ్‌లో బియాట్రిజ్ లూనా బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపుకునే శక్తి పెద్దవాళ్ల స్థాయికి వచ్చింది సుమారు 14 ఏళ్లకు, మనసులో పట్టి ఉంచుకునే శక్తి సుమారు 19 ఏళ్లకు. ఒకటో తరగతి పిల్లాడు నలభై నిమిషాలు బోర్డు మీద నుంచి చూపు తిప్పకూడదని ఆశించడం ఆ వయసుకు లేని బ్రేకును అడగడమే.

ఇప్పుడు ఒక్కొక్క పరిస్థితిలో ఏం కనబడుతుందో చూద్దాం. ఏడీహెచ్‌డీ మీద కెనడాలో మునోజ్ బృందం 2003లో చేసిన పని నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. యాంటీశాకేడ్‌లో తప్పులు ఎక్కువ, అది అనుకున్నదే. దాంతోపాటు రెండు విషయాలు తేలాయి. మధ్య చుక్కను ఊరికే చూస్తూ ఉండమన్నా మధ్యమధ్యలో అక్కర్లేని గెంతులు వచ్చాయి. రెండోది, స్పందన సమయంలో హెచ్చుతగ్గులు. ఒకసారి చకచకా, తర్వాతిసారి బాగా ఆలస్యంగా, మళ్లీ చకచకా. సగటు చూస్తే పెద్ద తేడా లేనట్టు ఉండొచ్చు, ఊగిసలాట చూస్తే తెలిసిపోతుంది. "నిన్న చేశాడుగా, ఇవాళ ఎందుకు చేయడు? బద్ధకం" అంటాం కదా. నిన్న చేసి ఇవాళ చేయలేకపోవడం ఆ పరిస్థితి లక్షణాల్లోనే ఒకటి. డాక్టరు రాసిన మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు వాడినప్పుడు ఈ తప్పులు, ఈ ఊగిసలాట తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది.

ఆటిజంలో లెక్క వేరు. మిన్‌షూ, లూనా, స్వీనీ 1999లో చూసినవాళ్లలో మామూలుగా చుక్క వైపు చూసే గెంతు బాగానే ఉంది. యాంటీశాకేడ్, ఇందాక చుక్క ఎక్కడ వెలిగిందో గుర్తుపెట్టుకుని తర్వాత చూడటం, ఈ రెండూ కష్టమయ్యాయి. కన్ను, కంటి నరం, కండరం బాగానే ఉన్నాయి, పై నుంచి వచ్చే ఆదేశంలో ఇబ్బంది ఉందని అర్థం. పసితనంలో మరొకటి గమనించారు. ఆటిజం ఉన్న పిల్లల తమ్ముళ్లను, చెల్లెళ్లను పసితనం నుంచి గమనించిన కెనడా బృందం 2005లో చెప్పింది ఏమిటంటే, చూస్తున్న వస్తువు నుంచి చూపును విడదీసుకోవడం 6 నెలలకూ 12 నెలలకూ మధ్య కొందరిలో నెమ్మదించింది, వాళ్లలో ఆటిజం లక్షణాలు తర్వాత ఎక్కువగా కనబడ్డాయి అని. పిలిస్తే పలకడం లేదంటే వినబడక కాకపోవచ్చు. చూపు అతుక్కున్న చోటి నుంచి ఊడిరావడం లేదేమో. వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించాలి, అది వేరే మాట.

చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా దగ్గర అందరూ పొరపాటు పడతారు. ఆ పిల్లలు చదివేటప్పుడు కళ్లు ఒక్కోచోట ఎక్కువసేపు ఆగుతాయి, చాలాసార్లు వెనక్కి గెంతుతాయి. నిజమే. దాన్ని చూసి కళ్లు సరిగ్గా కదలకే చదువు రావడం లేదంటారు. తిరగేసి చూడాలి. కన్నడ అక్షరాలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న తెలుగువాళ్ల కళ్లను గమనించండి. అవీ అలాగే ఆగుతాయి, అలాగే వెనక్కి పోతాయి. వాళ్ల కళ్లకు జబ్బేం లేదు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు వాళ్ల చదువు స్థాయికి తగ్గ తేలిక పాఠం ఇస్తే కళ్ల నడక చాలావరకు కుదుటపడుతుంది. అక్షరం నుంచి శబ్దం రాబట్టడం దగ్గర చిక్కుంది, కళ్లు ఆ చిక్కును చూపిస్తున్నాయంతే. కదలికల సమన్వయంలో ఇబ్బంది ఉన్న పిల్లల్లో, కడుపులో ఉండగా ఆల్కహాల్ ప్రభావం పడిన పిల్లల్లో కూడా యాంటీశాకేడ్ తప్పులు ఎక్కువని తేలింది.

అంటే ఏమైంది? పేర్లు వేరైనా తప్పు ఒకటే. అందుకే ఈ పరీక్ష చూసి ఫలానా పిల్లాడికి ఏడీహెచ్‌డీ అనో ఆటిజం అనో ఎవరూ తేల్చకూడదు. వందమంది సగటు, ఇంకో వందమంది సగటు వేరుగా ఉంటాయి, కానీ ఒక్కొక్క పిల్లాడి అంకెలు రెండు గుంపుల్లోనూ కలిసిపోతాయి. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లో అనుమతించిన చూపు ఆధారిత ఆటిజం పరికరం ఉంది. అది కొలిచేది వేరే, మనుషులున్న చిన్న వీడియోల్లో చిన్నపిల్లలు ఎక్కడ చూస్తారన్నది. అది కూడా నిపుణుడి చేతిలో ఒక సాధనమే, నిపుణుడికి బదులు కాదు.

కొలిచేవాళ్ల కోసం కొన్ని మాటలు. థెరపిస్టులు, విద్యార్థులు రాసుకోండి. కంటి ట్రాకర్ కంటి మీద పరారుణ కాంతి వేసి, కంటిపాప నడిమినీ, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద మెరుపునూ పట్టుకుని చూపు దిశ లెక్కిస్తుంది. 60 హెర్ట్జ్ పరికరం 16.7 మిల్లీసెకన్లకు ఒక్కసారే చూస్తుంది. ఎక్కడ చూశాడో తెలుసుకోవడానికి అది చాలు, ఎప్పుడు బయల్దేరాడో కచ్చితంగా కావాలంటే 300, 500 హెర్ట్జ్ ఉండాలి. తెరకు 57 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెడితే తెర మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు ఒక డిగ్రీ, లెక్క సులువు. కిటికీలోంచి ఎండ పడితే అందులోని పరారుణం ట్రాకర్‌ను గందరగోళం చేస్తుంది, తెరలు వేయండి. మన పిల్లల దగ్గర ఇంకోటి, కాటుక. దట్టంగా పెట్టిన కాటుక రేఖ కెమెరాకు కంటిపాపలాగే నల్లగా కనబడి, ట్రాకర్ దాన్నే పట్టుకుంటుంది. పరీక్ష రోజు కాటుక వద్దని తల్లికి ముందే ఫోనులో చెప్పండి. వచ్చాక తుడిస్తే పాప ఏడుస్తుంది, కళ్లు ఎర్రబడతాయి, ఆ రోజు కొలత పోయినట్టే.

ముందు మామూలుగా చుక్క వైపు చూసే వరుస, ఆ తర్వాతే యాంటీశాకేడ్ వరుస. తిరగేస్తే మొదటి నియమం రెండో వరుసలోకి పాకి మామూలు చూపు కూడా చెడిపోతుంది. ఇరవై ప్రయత్నాలకోసారి విరామం. పిల్లాడికి నియమం అర్థమైందో లేదో కళ్లతో కాకుండా వేలితో చూపించమనండి, "చుక్క ఇటొస్తే నువ్వెటు చూడాలి?" అని. వేలితో నాలుగుసార్లు సరిగ్గా చూపాకే మొదలుపెట్టండి. నియమం వాడి ఇంటి మాటలోనే చెప్పండి. ఇంగ్లిషులో చెప్పి, తప్పులు లెక్కపెట్టి, బ్రేకు లేదని రాస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు. చుక్క వచ్చిన 80 మిల్లీసెకన్లలోపు కదిలిన గెంతు ఊహించి వేసిందే, దాన్ని తీసేయండి. అన్నిటికన్నా ముందు కళ్లద్దాల పవరు, మెల్లకన్ను, కళ్లు అదరడం చూపించుకుని రావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి దగ్గర వస్తువు మీద చూపు కుదర్చుకోవడం కష్టం, బైఫోకల్ అద్దాలతో తేడా కనబడుతుంది. దాన్ని వదిలేసి శ్రద్ధ లేదనడం అన్యాయం.

అంకెలు చదివించి కంటి కదలికలు కొలిచామనే డీఈఎం పరీక్ష చాలా చోట్ల చేస్తున్నారు. నిలువుగా పేర్చిన 80 అంకెలు, అడ్డంగా ఎడంఎడంగా పేర్చిన 80 అంకెలు పైకి చదవాలి, రెండు సమయాల నిష్పత్తి చూస్తారు. 2009లో ఆస్ట్రేలియా బృందం ట్రాకర్‌తో పోల్చి చూస్తే ఆ స్కోరుకూ అసలు కంటి గెంతులకూ పొంతన లేదు, చదివే వేగంతో మాత్రం ఉంది. ఆ స్కోరు చూపించి కంటి వ్యాయామాల ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఇది చెప్పేటప్పుడు నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే అప్పు చేసి మరీ కట్టే తల్లిదండ్రులున్నారు. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవని ఇబ్బందికి క్లినిక్‌లో చేయించే వ్యాయామాలు పనిచేస్తాయి, అది నిజం. కానీ అదే ఇబ్బంది ఉన్న 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 16 వారాలు ఆ వ్యాయామాలు చేయించినా, చదివింది అర్థం చేసుకోవడంలో ఉత్తుత్తి వ్యాయామాలు చేసినవాళ్ల కన్నా మెరుగు రాలేదని 2019లో అమెరికాలో తేలింది. చదువులో వెనకబాటుకు కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు మందు కావని అక్కడి పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘం 2009లోనే కలిసి ప్రకటించాయి. ఆ డబ్బు స్పీచ్ థెరపీకో, మంచి స్పెషల్ ఎడ్యుకేటరుకో పెట్టండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జిల్లా కేంద్రంలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం ఉందేమో అడగండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, అక్కడికీ వెళ్లొచ్చు.

ఇక తరగతి గది. బోర్డు మీద "స్వాతంత్ర్యం" అని ఉంది. పిల్లాడు దాన్ని నోట్సులోకి ఎక్కించుకోవాలి. తల ఎత్తి, మూడు మీటర్ల దూరంలో బోర్డు మీద చోటు వెతుక్కుని, "స్వా" పట్టుకుని, తల దించి, ముప్పై అయిదు సెంటీమీటర్ల దూరానికి చూపు కుదర్చుకుని, రాయాల్సిన చోటు వెతుక్కుని రాస్తాడు. మళ్లీ తల ఎత్తితే ఆ వరుస ఎక్కడుందో పోయింది. "త్ర్యం" దగ్గరికి వచ్చేసరికి త కింద ర వత్తు, య వత్తు, పక్కన సున్నా, ఇవన్నీ దారిలో మోసుకురావాలి. మనసులో పట్టు తక్కువైనవాడికి ఒక్కో వత్తుకు ఒక్కో ప్రయాణం. మన లిపిలో అక్షరం ఒకటే అయినా మోత ఎక్కువ. వాడు మాటిమాటికీ తల ఎత్తడం దిక్కులు చూడటంలా కనబడుతుంది. పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు. అదే పాఠాన్ని ఒక కాగితం మీద రాసి నోట్సు పక్కనే పెట్టండి. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ పక్కన పెట్టాలి, లేకపోతే చెయ్యి అడ్డొస్తుంది.

కూడికలు, తీసివేతలు కలిపి ఇచ్చిన షీటులో పిల్లాడు అన్నీ కూడేస్తే, వాడికి తీసివేత రాదనుకోకండి. నియమం మార్చుకోవడం దగ్గర ఆగాడు. ముందు కూడికలన్నీ, తర్వాత తీసివేతలన్నీ ఇచ్చి చూడండి. అప్పుడు వస్తే, కలిపి ఇచ్చినప్పుడు లెక్క చేసే ముందు గుర్తు చుట్టూ సున్నా చుట్టడం అలవాటు చేయండి.

చూపు అతుక్కునే పిల్లల కోసం ప్రయోగశాల నుంచి ఒక చిట్కా అరువు తెచ్చుకోవచ్చు. పక్క చుక్క వెలగడానికి 200 మిల్లీసెకన్ల ముందే మధ్య చుక్కను తీసేస్తే పక్క చుక్క వైపు కన్ను త్వరగా బయల్దేరుతుందని 1967 నుంచీ తెలుసు. బల్ల మీద కూడా అలాగే చేయండి. చేతిలో బొమ్మ ఉండగానే పుస్తకం చూపిస్తూ "ఇటు చూడు, ఇటు చూడు" అనకుండా, ముందు బొమ్మను తీసి గిన్నె కింద పెట్టండి, ఒక్క క్షణం బల్ల ఖాళీగా ఉంచండి, తర్వాత పుస్తకం పెట్టండి. పేరు పిలిచాక మనసులో ఐదు లెక్కపెట్టండి, అప్పుడే రెండోసారి పిలవండి. గడ్డం పట్టి ముఖం మన వైపు తిప్పడం మాత్రం వద్దు.

చివరిగా, చదివేటప్పుడు వరుస తప్పే పిల్లలకు కిటికీ అట్ట, అంటే ఒక్క వరుసే కనబడేలా మధ్యలో కిటికీ కోసిన అట్ట. ముందు బల్ల మీద నల్ల అట్టలు, కత్తెరలు ఉన్నాయి. పాఠ్యపుస్తకం తెచ్చినవాళ్లు రండి, ఇక్కడే కోద్దాం. వెడల్పు వరుసంత ఉండాలి. ఎత్తు కొలిచేటప్పుడు స్కేలును అక్షరం నడుముకు కాదు, గుడి కొస నుంచి కింది వత్తు అడుగు దాకా పెట్టండి. ఇంగ్లిషు పుస్తకానికి కోసిన అట్ట మన పుస్తకం మీద పెడితే వత్తులు తెగిపోతాయి, పిల్లాడు "అమ్మ"ను "అమ" అని చదువుతాడు. వత్తు కింద ఇంకో రెండు మిల్లీమీటర్లు వదిలి కోయండి.